సమాధి మీద రెండో కప్పు

"నా తమ్ముడిల్లు ఇదే. కోర్టు అడిగినా ఇదే చెప్తాను, దేవుడడిగినా ఇదే చెప్తాను. ఇంక నువ్వు వెళ్ళిరా అమ్మాయ్."

అంత మాటా అనేసి ఎర్నెస్టీన్ మజీక్ వరండాలో కుర్చీలో జారగిలబడి కళ్ళు మూసుకుంది. ఎనభై దాటిన మనిషి. కళ్ళు మూసుకున్నా నేను కదల్లేదని ఆవిడకి తెలుస్తూనే ఉంది.

కదిలే వీలు నాకు లేదు. తెల్లవారితే శుక్రవారం. చార్ల్‌స్టన్‌లో ఫెడరల్ జడ్జి ముందు ఎవరో ఒకరు నిలబడి, ఆవిడ తమ్ముడు జోసెఫస్ మజీక్ ఇల్లు ఈ హేగర్ దీవి కాదని ప్రమాణం చేసి చెప్పాలి. చెప్పకపోతే ఈ వరండా, దీని వెనకాల ఇల్లు, దాని చుట్టూ ఉన్న నలభై ఎకరాలూ వేలానికి పోతాయి. ఆ మాట చెప్పాల్సినవాడు నిజానికి జోసెఫసే. చెప్పడానికే పోయిన గురువారం దీవికి వచ్చాడు, ఆ రాత్రే ఈ ఇంట్లో చచ్చిపోయాడు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఆదివారం పాతిపెట్టాం.

నా పేరు వెర్డెల్ చిసోమ్. షెరిఫ్ దగ్గర డిప్యూటీగా చేసి చేసి విసిగిపోయి, ఇప్పుడు లాయర్లకి కావలసిన నిజాలు వెతికిపెట్టి పొట్టపోసుకుంటున్నాను. మజీక్‌ల తరఫు లాయరమ్మ టిండాల్ నన్ను పెట్టుకోవడానికి కారణం నా తెలివి కాదు, నేను ఈ దీవిలో పుట్టడం. బయటివాళ్ళ ముందు ఇక్కడ ఎవరూ నోరు విప్పరు.

తగువు చెప్పుకోవడానికి చిన్నదే. మా నల్లవాళ్ళకి బానిసత్వం పోయిన కొత్తల్లో ఎర్నెస్టీన్ ముత్తాత ఈ నేల కొన్నాడు. వీలునామా రాయలేదు. ఆ తరవాతివాళ్ళూ రాయలేదు. అందువల్ల ఆ నేల ఆయన సంతానం అందరిదీ, విడిగా ఎవరిదీ కాదు. వాళ్ళలో ఒకడు, జార్జియాలోని సవానాలో ఉండే రాయిస్, ఒక రిసార్టు కంపెనీ చెప్పిన మాటలు విని, మొత్తం అమ్మి నా వాటా నాకు పారేయండని దావా వేశాడు. మా కౌంటీ కోర్టులో వేస్తే చుట్టరికాలు, చర్చి పెద్దలు, సాగదీతలు ఉంటాయని వాడికి తెలుసు. అందుకని కేంద్ర ప్రభుత్వపు ఫెడరల్ కోర్టుకెళ్ళాడు. దావా వేసినవాడిది ఒక రాష్ట్రం, ఎదుటిపక్షం అంతా వేరే రాష్ట్రాలవాళ్ళు అయితేనే ఆ కోర్టు ఇలాంటి తగువులో వేలు పెట్టగలదు. రాయిస్‌ది జార్జియా. ఎదుటి పక్షం అంతా, కాగితాల ప్రకారం, ఇక్కడివాళ్ళే, సౌత్ కెరొలైనా వాళ్ళు.

కాగితాల ప్రకారం అని ఎందుకన్నానంటే మా వాళ్ళకి ఒక జబ్బుంది. ఏ ఊళ్ళో ఎన్నేళ్ళు బతికినా, ఇల్లెక్కడ అంటే హేగర్ దీవి అంటారు. ఇంకో ఊరి పేరు చెబితే కన్నతల్లిని కాదన్నట్టే. జోసెఫస్ సవానా రేవులో పనిచేసి అక్కడే ముసలివాడయ్యాడు. పెళ్ళి, చర్చి, ఓటు, భార్య సమాధి, అన్నీ సవానాలోనే. అయినా రాయిస్ దావా నోటీసు వస్తే "నా ఇల్లు హేగర్ దీవి" అని దర్జాగా రాయించి సంతకం పెట్టాడు. ఆ గొప్పే మా పీకకి చుట్టుకుంది. దావా వేసిన రోజుకి అతను జార్జియావాడని తేలితే, రెండు పక్షాల్లోనూ జార్జియావాళ్ళు ఉన్నట్టు. ఇంక ఆ కోర్టుకి అధికారమే ఉండదు, ఇవ్వబోయే అమ్మకం ఉత్తర్వూ ఉండదు. రాయిస్ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. కంపెనీవాళ్ళకి అంత ఓపిక లేదు.

"పెద్దమ్మా, అతను సవానాలో ఉన్నాడని చెప్పడానికి అక్కడ కావలసినంతమంది ఉన్నారు. ఇంక తిరిగి రాకూడదనుకున్నాడా లేదా అన్నదే జడ్జికి కావాలి. ఆ సంగతి మీకు తప్ప ఎవరికీ తెలీదు."

"పాతిపెట్టి వారం తిరగలేదు. వాడి సమాధి మీద నిలబడి నువ్వు ఇక్కడివాడివి కాదు పో అనమంటావా నన్ను?"

"నేనేం అనమనట్లేదు. వంటగదిలోకి వెళ్ళి మంచినీళ్ళు తాగొస్తాను."

ఆ వంటగది నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. గోడ మీద వరసగా మేకులు, ఒక్కొక్క మేకుకి ఒక్కొక్క కప్పు. ఇంట్లో ఎవరి కప్పు వాళ్ళది, ఇంకొకరు ముట్టుకోరు. ఎర్నెస్టీన్‌ది నీలం అంచు సత్తుకప్పు. పక్కన ఆవిడ మేనల్లుడు వెండెల్‌ది. దాని పక్క మేకు ఖాళీగా ఉంది, గోడ మీద గుండ్రంగా కప్పు మరక మాత్రం మిగిలింది.

బయటికొచ్చి అడిగాను. "జోసెఫస్ కప్పేది పెద్దమ్మా? సమాధి మీద మీరు పెట్టింది తెల్ల కప్పు. అది చుట్టాలకిచ్చే కప్పు కదా."

ఆవిడ కళ్ళు తెరిచింది. వంటగది వైపు తల తిప్పింది.

"పట్టుకుపోయాడు," అంది. "వాడి పెళ్ళాం చచ్చిపోయిన ఏడాది వాడొచ్చి, మేకు మీదనుంచి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. అక్కా, నేనింక దాని పక్కనే పడుంటాను, ఇక్కడికి రాను అన్నాడు. నేను తిట్టాను. నవ్వాడు. మొన్న వస్తే, వాడికి నేను..." ఆవిడ తెల్ల తలగుడ్డ సర్దుకుంది. "నా తోడబుట్టినవాడికి చుట్టాల కప్పులో పోసిచ్చాను టీ. వాడు ఏమీ అనకుండా తాగాడు."

ఆవిడ ఏడుస్తుంటే నేను నా బూట్లకేసి చూస్తూ కూర్చున్నాను. నాకు కావలసింది దొరికింది, అయినా సంతోషం కలగలేదు.

"కప్పు సంగతి చెప్తాను," అంది కళ్ళు తుడుచుకుని. "రేపు నన్ను తీసుకుపో. ఆ జడ్జికి మేకు సంగతి చెప్తాను. నేల ఉంటే వాడు నన్ను క్షమిస్తాడు."

జాలీ తలుపుకి అటుపక్క వల అల్లుతున్న చప్పుడు అప్పటిదాకా వినపడుతూనే ఉంది. ఇప్పుడాగింది. వెండెల్ తలుపు తోసుకుని వచ్చి అత్త భుజం మీద చెయ్యి వేశాడు. నలభై దాటినవాడు, పెళ్ళి లేదు, రొయ్యల పడవ నడుపుతాడు, ఈ ముసలావిడకి అన్నం పెట్టేదీ మందులిచ్చేదీ వాడే. దీవిలో వాడి గురించి చెడ్డమాట అన్నవాళ్ళని నేను చూడలేదు.

"మంచి పని చేస్తున్నావత్తా," అన్నాడు. "రేపు పొద్దున్న నేనే బండి తీస్తాను."

వాడు లోపలికి వెళ్ళాక ఎర్నెస్టీన్ నా మణికట్టు పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"నా తమ్ముడు వస్తున్నాడు అమ్మాయ్. పాతిపెట్టిన దగ్గర్నుంచీ రోజూ. ఆ జాలీ తలుపు బయట నిలబడతాడు, లోపలికి రాడు. ఏదో అడుగుతున్నాడు. నేను తప్పు కప్పు పెట్టానేమోనని నా భయం. నేనిచ్చిన టీయే చివరిది అనుకున్నాను. తరవాత ఇంకెక్కడన్నా ఏమన్నా తాగాడేమో."

షెరిఫ్ దగ్గర ఎన్ని శవాలు చూసినా ఇలాంటి మాటకి నేను చిన్నపిల్లనే. మా దగ్గర చచ్చినవాళ్ళు చివరిసారి వాడిన వస్తువులు సమాధి మీద పెడతాం. తాగిన కప్పు, చూసిన గడియారం, కళ్ళద్దాలు. అడుగు పగలగొట్టి పెడతాం, చావు అక్కడితో తెగిపోవాలని. పెట్టకపోతే వాటికోసం వాళ్ళు ఇంటికొస్తారు. పెట్టినదాన్ని ఎవడన్నా తీస్తే వాడి వెంట పడతారు.

"ఆ రాత్రి ఎలా ఉన్నాడు?" అని అడిగాను.

"వాంతులు. కడుపులో దేవేస్తోందన్నాడు. దీపం చుట్టూ పచ్చగా ఏదో వలయం కనిపిస్తోందక్కా అన్నాడు. నేను లేచి దీపం చూశాను, మామూలుగానే ఉంది. తెల్లవారకుండానే పోయాడు."

పచ్చ వలయం మాట విని నేను కుర్చీ అంచుకి జరిగాను. ఆ మాట నేను ఇంకోసారి విన్నాను, డిప్యూటీగా ఉన్నప్పుడు, గుండె మందు మోతాదు మించి మింగిన ఒకాయన భార్య నోట. జోసెఫస్‌కి గుండెజబ్బు లేదు, అలాంటి మందూ వాడడు.

"ఆ రాత్రి ఇంట్లోకి ఎవరన్నా వచ్చారా?"

"ఎవరొస్తారు? వెండెల్ అవతల ఒడ్డున ఉన్నాడు, పడవ పాడైంది కదా. నాకు మాత్రం ఏట్లోకి సముద్రం పోటు నిండే వేళకి వెనకాల మోటారు చప్పుడు విన్నట్టనిపించింది. కలేమో." ఆవిడ నా చెయ్యి వదిలింది. "నువ్వు వెళ్ళి ఆ కప్పు సరిగా ఉందో లేదో చూసిరా. నిటారుగా ఉందేమో చూడు. ఇక్కణ్ణుంచి నేను కనిపెట్టి ఉంటాను."

శ్మశానం ఏటికి అవతల, చిత్తడి మధ్యలో ఒక దిబ్బ. వరండాలోంచి చూస్తే తిన్నగా ఎదురుగా కనిపిస్తుంది. ఎర్నెస్టీన్‌కి సూదిలో దారం ఎక్కదు గాని, అవతల ఒడ్డున ఎన్ని గూడబాతులు కూర్చున్నాయో చెబుతుంది. పోటు నిండే వేళకి ప్రార్థన చేసుకుని, టీ తెచ్చుకుని, వరండాలో ఆ దిబ్బకేసి చూస్తూ తాగుతుంది. నీళ్ళు నిండినప్పుడు పోయినవాళ్ళు దగ్గరికొస్తారని ఆవిడ నమ్మకం. ఆవిడ అలవాటు దీవి అంతటికీ తెలుసు.

"నేను దింపుతాను అక్కా," అన్నాడు వెండెల్ లోపల్నుంచి. "అత్తకి టీ కాచిపెట్టి వస్తున్నా, ఒక్క నిమిషం."

ఒక్క నిమిషం కంటే ఎక్కువే పట్టింది. వచ్చేటప్పుడు చంకలో ఆకుపచ్చ ఫ్లాస్కు, చేతిలో కాగితం కప్పులు ఉన్నాయి.

రేవు దగ్గర గన్నేరు కంచె ఉంది. దాని కొమ్మలు ఎవరో కొత్తగా నరికారు, తెగిన చోట పాలు ఇంకా ఆరలేదు.

"ఎవరు కొట్టారివి?"

"నేనే. దారికి అడ్డం పడుతున్నాయి."

అడ్డం పడుతున్న కొమ్మలు ఇంకా అలాగే ఉన్నాయి. కొట్టినవి లోపలివైపు. అది చూశాను గాని దాని గురించి ఆలోచించలేదు. నా బుర్ర నిండా మోటారు చప్పుడూ పచ్చ వలయమూ తిరుగుతున్నాయి.

పడవలో వాడు ఫ్లాస్కు నోట్లోంచి మొక్కజొన్న కండె లాగి నాకు కాఫీ పోశాడు. దానికి మూత లేదు.

"మూతేమైంది?"

"ఏట్లో పడిపోయింది." మళ్ళీ కండె బిగించాడు. తనంతట తనే మొదలుపెట్టాడు. "అక్కా, నువ్వు చదువుకున్నదానివి, చెప్పు. నేను ఇల్లు కట్టుకుంటానని బ్యాంకుకెళ్తే కాగితం తెమ్మంటాడు. కాగితం ఎవరి పేరునుంది? ఎప్పుడో పోయిన ముత్తాత పేరున. షికాగోలో ఉన్నోడికి ఎంతో నాకూ అంతే. వాడొచ్చి ఈ బురదలో ఎప్పుడన్నా కాలు పెట్టాడా? అత్తకి జ్వరమొస్తే పక్కన కూర్చున్నాడా?"

"రాయిస్ నీతో ఏమన్నా మాట్లాడాడా?"

"వాడితో నాకు మాటలేంటి," అని నీళ్ళకేసి చూశాడు.

"పోయిన గురువారం రాత్రి ఎక్కడున్నావు?"

"చెప్పాగా అందరికీ. పంపు చెడిపోయి అవతల రేవులో పడుకున్నాను. ఇంతకీ నన్నే అనుమానిస్తున్నావా, ఏంటి?" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. చిన్నప్పుడు వాడికి ఈత నేర్పింది నేను.

దిబ్బ మీద మాకంటే ముందే ఒకడు దిగి ఉన్నాడు. అద్దె మోటారు పడవ, ఇస్త్రీ నలగని చొక్కా, మెడలో కెమెరా. ప్రెస్టన్ హాడక్. ఒకప్పుడు రాష్ట్ర పోలీసు, ఇప్పుడు రాయిస్ లాయర్ల మనిషి. జోసెఫస్ సమాధిని నాలుగువైపుల నుంచీ ఫొటోలు తీస్తున్నాడు.

"రండి చిసోమ్ గారూ, మీకోసమే చూస్తున్నా. పోయినాయన మీతో ఏమన్నా చెప్పాడా? రేపు సాక్ష్యానికి వస్తున్నాడా?"

"మీరిక్కడ ఏం చేస్తున్నారు?"

"మనిషి ఇల్లెక్కడో ఫొటో తీస్తున్నా. సవానాలో బతికాడని మీ లాయరమ్మ గోల. సవానాలో ఎందుకు పాతిపెట్టలేదు మరి? మనిషి చివరికి చేరుకున్నదే ఇల్లు. జడ్జికి ఈ ఒక్క ఫొటో చాలు."

"చచ్చాక ఎక్కడ పడుకున్నాడని జడ్జి అడగడు హాడక్ గారూ. రాయిస్ దావా వేసిన రోజు రాత్రి ఎక్కడ పడుకున్నాడో, ఎక్కడ పడుకుందామనుకున్నాడో అడుగుతాడు. ఆ తేడా తెలీకపోతే మీ లాయర్లని అడగండి, ఫీజు తీసుకుని చెబుతారు."

"అనుకున్నదేదో సంతకం పెట్టి మరీ చెప్పాడుగా. దాన్ని కాదనడానికి ఆయన లేడు. పాపం."

"పాపమని మీరంటే వినడానికి బాగుంది. ఇది మజీక్‌ల నేల మీదున్న శ్మశానం. అమ్మకం ఉత్తర్వు ఇంకా రాలేదు. వాళ్ళ అనుమతి లేకుండా అడుగుపెట్టారు, షెరిఫ్‌కి నేను చెప్పనా, మీరే వెళ్తారా?"

అతని మొహం ఎర్రబడింది. కెమెరా మూత పెట్టి, పోతూ పోతూ సమాధికేసి గడ్డంతో చూపించాడు. "పోనీ ఈ చెత్తన్నా ఏరించండి. సోమవారం నేను వచ్చి ఫొటో తీసినప్పుడు మూడు ముక్కలున్నాయి, ఇవాళ నాలుగున్నాయి. ఇవి పిల్లల్ని పెడతాయా ఏంటి మీ దీవిలో? ఈ మూతెవడో జాలరి పారేసుంటాడు." వంగి దాన్ని తీయబోయాడు.

"ముట్టుకోకు."

అది నా గొంతు కాదు. నా వెనకనుంచి వెండెల్ అన్నాడు. ఆ గొంతు విని హాడక్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వెండెల్ రెండడుగులు వెనక్కి వేశాడు.

హాడక్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తల అడ్డంగా ఊపి, పడవెక్కి మోటారు తీశాడు.

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆదివారం నా కళ్ళముందే పెట్టిన మూడూ ఉన్నాయి. ఆగిపోయిన గడియారం, కళ్ళద్దాలు, అడుగు పగిలిన తెల్ల కప్పు. గడియారం వెనక నాలుగోది. దాచలేదు. దాస్తే చచ్చినవాడికి దొరకదు కదా. ఉక్కు మూత, కప్పంత లోతు, ఆకుపచ్చ రంగు, లోపల మర. అడుగున మేకుతో కొట్టిన కన్నం, అంచులు ఇంకా తళతళలాడుతున్నాయి.

జాలరి పారేసిన దానికి ఎవరూ కన్నం పెట్టరు. ఈ దీవిలో పుట్టి పెరిగినవాడు, జోసెఫస్ చివరిసారి దేంట్లో తాగాడో తెలిసినవాడు, దాన్ని పారేసే ధైర్యం లేనివాడు తెచ్చి పెట్టాడు. ఎర్నెస్టీన్ ఇచ్చిన టీ తరవాత ఆ రాత్రి ఎవరో ఇంకోటి తాగించారు.

నా చేతిలో కాగితం కప్పు ఉంది. సగం తాగాను.

తల ఎత్తడానికి భయం వేసింది. ఎత్తాను. వెండెల్ పడవకీ నాకూ మధ్య నిలబడి ఉన్నాడు. ఫ్లాస్కు చంకలోనే ఉంది. కండె తీసి రెండు గుక్కలు తాగాడు, మూతి తుడుచుకున్నాడు. అంటే ఈ కాఫీలో ఏమీ లేదు. ఊపిరి పీల్చుకున్నాను.

"దాన్ని అక్కడే ఉండనీ అక్కా," అన్నాడు. "మొన్న సోమవారం సాయంత్రం దాకా నా దగ్గరే ఉంచుకున్నాను. రోజూ వచ్చాడు. పడవలో నా కాళ్ళ దగ్గర కూర్చునేవాడు. ఏటి మధ్యలో పారేద్దామని తీసుకెళ్ళాను. చెయ్యి రాలేదు."

"పోటు మీద వచ్చావు కదూ ఆ రాత్రి? పంపు చెడిపోలేదు."

"నిద్ర పట్టక వెనక మెట్ల మీద కూర్చున్నాడు పెదనాన్న. కాఫీ పోసిచ్చాను. చేదుగా ఉందిరా అన్నాడు. తాగేశాడు. నువ్వు మంచోడివిరా, అక్కని చూసుకుంటున్నావు అన్నాడు." వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి దొంగ కన్నీళ్ళు కావు, అందుకే నాకింకా భయం వేసింది.

"రాయిస్ నీకేమిస్తానన్నాడు?"

"ఒక్క ఎకరం. నా ఒక్కడి పేరున కాగితం."

గన్నేరు పాలు నాకు అప్పుడు గుర్తొచ్చాయి. ఆ విషం కూడా మోతాదు మించిన గుండె మందులాగే పనిచేస్తుంది. జోసెఫస్ కోసం కొట్టిన కొమ్మలైతే ఈపాటికి వాడి ఎండిపోవాలి. అవి ఇవాళ కొట్టినవి. మేకు సంగతి జడ్జికి చెప్తానని ఎర్నెస్టీన్ అన్నాక, వల అల్లుతున్న చప్పుడు ఆగిపోయింది. అత్తకి టీ కాచిపెట్టి వస్తున్నానన్నాడు.

"వెండెల్, ఆవిడ టీలో ఏం వేశావు?"

వాడు ఏటికేసి చూశాడు. మేం దిగినప్పుడు బయటపడి ఉన్న ఆల్చిప్పల గుట్ట ఇప్పుడు పూర్తిగా మునిగిపోయింది. నీళ్ళు కదలకుండా నిలబడ్డాయి.

"నీళ్ళు నిండాయి," అన్నాడు మెల్లగా. "ఆవిడ సొంత కప్పులోనే పోశానక్కా, నీలం అంచుది. దాన్ని కూడా తెచ్చి ఇక్కడే పెడతాను. మర్యాదగా. నాకామె అమ్మ లాంటిది."

ఫోను తీశాను. సిగ్నల్ లేదు. పడవ తాళం వాడి పిడికిట్లో ఉంది, నడుముకి ఆల్చిప్పలు విప్పే కత్తి ఉంది. చిత్తడి అంచుదాకా పరిగెత్తి, నా జన్మలో ఎప్పుడూ సాయానికి పిలుస్తాననుకోని మనిషిని పేరు పెట్టి పిలిచాను. "హాడక్, హాడక్" అని గొంతు చిరిగేలా అరిచాను. దూరంగా అతను తిరిగి చూశాడు. నేనింకా తిడుతున్నాననుకున్నాడు కాబోలు, వెటకారంగా చెయ్యి ఊపాడు. పడవ మలుపు తిరిగిపోయింది.

ఏటికి అవతల వరండాలో తెల్ల తలగుడ్డ కనిపించింది. ఎర్నెస్టీన్ వచ్చి కుర్చీలో కూర్చుంది. చేతిలో ఏదో ఉంది. నేను అరిచాను, గాలి ఎదురుగా ఉంది. నా అరుపు నాకే సరిగా వినపడలేదు.

ఇక్కణ్ణుంచి నేను కనిపెట్టి ఉంటాను, అంది ఆవిడ.

సమాధి దగ్గరికి వెనక్కి పరిగెత్తాను. నేనేం చేయబోతున్నానో వెండెల్‌కి నాకంటే ముందే అర్థమైంది. "వద్దక్కా, వద్దు, నీ కాళ్ళు పట్టుకుంటాను," అంటూ వెనక్కి వెనక్కి జరిగాడు. మా అమ్మ సమాధి మీద కప్పు కూడా ఇలాగే అయిదడుగుల అవతల ఉంది. జోసెఫస్, నన్ను క్షమించు, ఇది మీ అక్క కోసం అని పైకే అన్నాను.

అని, హేగర్ దీవిలో పుట్టినవాళ్ళెవరూ చేయని పని చేశాను. ఆ తెల్ల కప్పుని సమాధి మీదనుంచి తీసి, ఆవిడకి కనపడేలా రెండు చేతులతో ఎండలోకి నా తల మీదకి ఎత్తి పట్టుకున్నాను.

వెండెల్ మోకాళ్ళ మీద కూలబడి మొహం కప్పుకున్నాడు. ఏటికి అవతల తెల్ల తలగుడ్డ ఒక్కసారిగా కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆవిడ నన్ను చూసింది. ఆవిడ చేతిలోని కప్పు నిండుగా ఉందో ఖాళీగా ఉందో, అంత దూరం చూపు నాకు లేదు.